నాందేడ్‌లో పాత కారు: ముందు పాసింగ్, తర్వాతే మోడల్

నాందేడ్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకుంటే బండ్లకు కొదువ లేదు. ఊళ్లోనే తిరిగిన ఎంహెచ్-26 బండ్లు ఒక రకం. పుణె ఉద్యోగస్తులు వాడి వదిలేసిన ఎంహెచ్-12, ఎంహెచ్-14 బండ్లు రెండో రకం. దెగ్లూర్ దాటితే తెలంగాణే కాబట్టి హైదరాబాదు, నిజామాబాదు బండ్లు మూడో రకం. ఇవి చాలవన్నట్టు ఢిల్లీ నుంచి లారీల మీద దిగే బండ్లు నాలుగో రకం. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాల తెలుగు ఇళ్లకు వియ్యాలూ కయ్యాలూ సగం అవతలి రాష్ట్రంతోనే. అందుకే ఇక్కడ కారు బేరం చాలాసార్లు "బావగారి ఊళ్లో మంచి బండి ఉందట" అన్న ఫోనుతో మొదలవుతుంది.

ఫోనులో అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" అని. నిజానికి అది నాలుగో ప్రశ్న. బండి ఎక్కడి పాసింగ్ (అంటే ఎక్కడ రిజిస్టరైంది), ఇన్నాళ్లూ ఎవరు ఎలా వాడారు, చెడితే మన ఊళ్లో ఎవరు బాగు చేస్తారు అనే మూడూ తేలాకే మోడల్ సంగతి రావాలి. తక్కువ డబ్బులో నమ్మకమైన, సుఖమైన బండి దొరకడం సాధ్యమే. కాకపోతే ఆ నమ్మకం బానెట్ మీది బొమ్మ నుంచి రాదు, బండి వెనకున్న చరిత్ర నుంచి వస్తుంది.

ముందు కొత్త కారు ధర తెలుసుకోండి

పాత కారు బేరానికి వెళ్లేముందు కొత్త కారు షోరూంకు ఒకసారి వెళ్లిరావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు 28 శాతం పన్ను, దానిమీద సెస్సు ఉండేవి. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని బండ్లకు ఈ తగ్గింపు వర్తించింది. అప్పుడు మారుతి ఆల్టో కె10 ఎక్స్‌షోరూం ధర 3 లక్షల 70 వేలకు, వ్యాగన్ ఆర్ ధర 5 లక్షల దగ్గరకు దిగాయి. కాబట్టి మూడేళ్ల వ్యాగన్ ఆర్‌కు నాలుగున్నర లక్షలు అడిగితే, అమ్మేవాడు పాత రోజుల లెక్క చెబుతున్నాడన్నమాట. కొత్తదానికి రోడ్డు టాక్సు, ఇన్సూరెన్సు అదనమే అయినా, వారంటీ ఉన్న బండికీ లేని బండికీ మధ్య తేడా అంత తక్కువ ఉంటే కొత్తదే లాభం.

పాత కారులో అసలు లాభం నాలుగు నుంచి ఏడేళ్ల వయసు మధ్య ఉంటుంది. ఇన్సూరెన్సు వాళ్లు బండి విలువ కట్టడానికి వాడే తరుగు పట్టిక ప్రకారం రెండేళ్లు దాటిన బండికి 30 శాతం, మూడేళ్లు దాటితే 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు. బజారు ధర అచ్చం ఈ పట్టిక వెంట నడవదు. గిరాకీ ఉన్న మారుతి బండ్లు పైన, గిరాకీ లేనివి కింద ఉంటాయి. అయినా పాలసీ కాగితంలో ఐడీవీ అని రాసి ఉండే ఆ అంకె చేతిలో ఉంటే బేరానికి ఒక పునాది దొరుకుతుంది.

చేతిలో నాలుగు లక్షలుంటే నాలుగు లక్షల బండి చూడకూడదు. మూడు లక్షల నలభై వేల బండి చూడాలి. మిగిలిన అరవై వేలు పేరు మార్పిడికి, ఇన్సూరెన్సుకు, టైర్లకు, బ్యాటరీకి, అన్ని ఆయిళ్లూ ఫిల్టర్లూ మార్చే మొదటి సర్వీసుకు. ఈ ఖర్చు ఏ పాత బండికైనా తప్పదు. అప్పు చేసేవాళ్లు వడ్డీ కూడా కలుపుకోవాలి, పాత బండి లోను వడ్డీ కొత్త బండి కంటే ఎప్పుడూ ఎక్కువే. మూడు లక్షలు 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెల కిస్తీ దాదాపు 8,200 రూపాయలు, మొత్తం వడ్డీ 93 వేల పైచిలుకు. "చవగ్గా కొన్నాం" అనుకున్న దాంట్లో పెద్ద భాగం అక్కడే పోతుంది.

ఎవరి దగ్గర కొనాలి

అమ్మేవాళ్లు నాలుగు రకాలు. వాడిన మనిషే అమ్మడం మొదటిది. దీంట్లో ధర తక్కువ, జీఎస్టీ లేదు, బండి ఎలా వాడారో ఆ ఇల్లూ వాకిలీ చూస్తేనే సగం తెలుస్తుంది. లోటల్లా, రేపు ఇబ్బంది వస్తే అడిగేందుకు గ్యారంటీ కాగితం ఉండదు.

రెండోది ఊళ్లోని కన్సల్టెంట్లు, బ్రోకర్లు. నాలుగు బండ్లు ఒకేచోట చూడొచ్చు, పాత బండి మార్చుకోవచ్చు. ఇక్కడి మాటలకు వేరే నిఘంటువు కావాలి. "సింగిల్ హ్యాండ్", "డాక్టర్ సాబ్ బండి", "లేడీస్ వాడింది", "మీటర్ ఒరిజినల్ భయ్యా" అన్నవి రుజువులు కావు, రుజువు అడగాల్సిన చోట్లు. కేంద్రం 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, పాత బండ్ల డీలర్లు ఆర్టీఓ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని పెట్టింది. 2023 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. బండి డీలర్ చేతికి వచ్చిన సంగతి ఆర్టీఓకు తెలియజేస్తే, అమ్ముడుపోయేదాకా దాని బాధ్యత డీలర్‌దే. "మీకు ఆ పత్రం ఉందా?" అని ఒక్క మాట అడిగి, జవాబు ఎలా వస్తుందో చూడండి.

మూడోది కంపెనీల సొంత దుకాణాలు. మారుతి ట్రూ వ్యాల్యూ 2001 నుంచీ ఉంది. తర్వాత మహీంద్రా, హ్యుందాయ్ లాంటివి దిగాయి. ఇక్కడ ధర ఎక్కువ, బదులుగా తనిఖీ, ఎంపిక చేసిన బండ్లకు కొన్ని నెలల వారంటీ ఉంటాయి. ఆ వారంటీ ఇంజన్, గేరుబాక్సుల వరకేనా, ఏసీకి కూడానా అన్నది చదువుకోవాలి. నాలుగోది ఆన్‌లైన్ కంపెనీలు. 2015లో మొదలైన కార్స్24, స్పిన్నీ లాంటివి హైదరాబాదు, పుణె నగరాల్లో బలంగా ఉన్నాయి. రిటర్ను గడువు ఇవ్వడం వీటి మంచి గుణం. కానీ బండిని 280 కిలోమీటర్ల అవతలి నుంచి తెచ్చుకున్నవాళ్లకు ఆ గడువు లోపల తిరిగి అప్పగించడం అంత సులువు కాదు.

డీలర్ బిల్లులో ఇంకో మెలిక ఉంటుంది. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం పాత బండ్ల వ్యాపారం మీద పన్నును 18 శాతం చేసింది. ఆ 18 శాతం డీలర్‌కు మిగిలే లాభం మీదే. మూడు లక్షలకు కొని మూడు లక్షల ముప్పై వేలకు అమ్మితే, పన్ను పడేది ఆ ముప్పై వేల మీద. మొత్తం ధర మీద 18 శాతం కలిపి చూపిస్తే ఒప్పుకోకండి.

పాసింగ్ సంగతి

నాందేడ్ బజారులో బండిని పరిచయం చేసేది దాని పాసింగే. "26 పాసింగ్" అంటే ఒక ధర, "తెలంగాణ పాసింగ్" అంటే ఇంకో ధర. బయటి బండి తక్కువకు రావడానికి కారణం ఉంది.

మహారాష్ట్ర లోపలి బండి, అది పుణెదైనా పర్భణీ ఎంహెచ్-22 అయినా, సులువు. రోడ్డు టాక్సు ఒకసారి కట్టేశారు కాబట్టి మళ్లీ కట్టక్కర్లేదు, పేరు మార్పిడి చాలు. తెలంగాణ బండికి ముందు అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. ఆ ఎన్ఓసీ ఏ ఆర్టీఓ పేరున ఇచ్చారో చదవండి, నాందేడ్ అని ఉండాలి. తర్వాత ఇక్కడ కొత్త నంబరు, బండి వయసును బట్టి మహారాష్ట్ర టాక్సు. కొత్త కారుకు మహారాష్ట్రలో పది లక్షల లోపు పెట్రోలు బండికి 11 శాతం, డీజిలుకు 13 శాతం వన్ టైమ్ టాక్సు. పాతదానికి వయసు కొద్దీ తగ్గుతుంది కానీ సున్నా కాదు. తెలంగాణలో కట్టిన లైఫ్ టాక్సులో మిగిలిన కాలానికి తిరిగి రాబట్టుకునే వీలుంది. దానికి దరఖాస్తు, తిరుగుళ్లు, ఓపిక కావాలి.

చాలామంది ఇదంతా ఎందుకని తెలంగాణ నంబరుతోనే తిప్పుతారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి బండి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషను మార్క్ తీసుకోవాలి. దెగ్లూర్ రోడ్డు మీద వారానికోసారి అటూ ఇటూ తిరిగేవాళ్లకు ఇది పెద్ద బాధగా కనిపించదు. బండి మళ్లీ అమ్మేటప్పుడు మాత్రం కొనేవాడు ఈ ఖర్చంతా లెక్కగట్టి ధరలో కోస్తాడు. అంటే కొనేటప్పుడు మిగిలిందనుకున్నది అమ్మేటప్పుడు పోతుంది.

ఢిల్లీ బండ్ల చవక వెనక కథ అందరికీ తెలిసిందే. అక్కడ పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాతి ఆదేశాల్లో మార్పులు వచ్చినా, ఆ భయంతో అమ్ముడైన బండ్లు దేశమంతా పాకాయి. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ మొదటి యజమానిని కలవలేం, సర్వీసు చేసిన చోటికి వెళ్లలేం, టాక్సు మాత్రం కట్టాలి. కొత్తగా కొనేవాళ్లు వీటి జోలికి పోకపోవడమే మంచిది.

పదిహేనేళ్లు దగ్గరపడిన బండి ఏ పాసింగ్ అయినా దానికో ఖర్చు కాచుకుని ఉంటుంది. రిజిస్ట్రేషను పదిహేనేళ్లకే, ఆపైన ఐదేసి ఏళ్లకు రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. దానిపైన గ్రీన్ టాక్సు ఉంటుంది.

పెట్రోలా, డీజిలా

ఈ ప్రశ్నకు అభిప్రాయాలు అక్కర్లేదు, కూడికలూ తీసివేతలూ చాలు. లీటరు పెట్రోలు 105, డీజిలు 92 అనుకుందాం. పెట్రోలు బండి లీటరుకు 16, డీజిలు బండి 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు ఖర్చు 65,600, డీజిలు ఖర్చు 46,000. తేడా ఇరవై వేల లోపు. అదే వయసు డీజిలు బండి లక్ష ఎక్కువైతే, ఆ లక్ష తిరిగి రావడానికి ఐదేళ్లు పడుతుంది. ఈలోపు ఇంజెక్టర్లో టర్బోనో ఒక్కసారి చెడితే మిగులంతా దానికే చాలదు. ఏడాదికి పాతిక వేలు తిరిగే వ్యాపారికైతే తేడా 49 వేలు, రెండేళ్లలో లెక్క సరి. ఇంటి అవసరానికి పెట్రోలు, రోజూ రోడ్డెక్కేవాడికి డీజిలు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు హైవే వేగంతో పోవాలి. ఇంటి నుంచి వజీరాబాద్ బజారుకు, అక్కడి నుంచి స్టేషనుకు తిరిగే బండిలో మసి కాలదు, ఫిల్టరు మూసుకుపోతుంది. ఊళ్లోనే తిరిగే కుటుంబం బీఎస్-6 డీజిలు కొనడం కష్టాన్ని కొనుక్కోవడమే. మారుతి 2020 నుంచి డీజిలు కార్లు మానేసింది కాబట్టి ఇప్పుడు దొరికే మారుతి డీజిళ్లన్నీ అంతకంటే పాతవే అని గుర్తుంచుకోవాలి.

సీఎన్‌జీ బండైతే ఆర్‌సీలో సీఎన్‌జీ అని నమోదై ఉండాలి, మూడేళ్లకోసారి చేయించాల్సిన సిలిండరు పరీక్ష తేదీ చూడాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు గురించి కూడా ఇప్పుడు అడగాల్సి వస్తోంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లు దాన్ని తట్టుకునే భాగాలతో వస్తున్నాయి. అంతకుముందువాటిలో మైలేజీ కొంత తగ్గుతుందని పెట్రోలియం శాఖే చెప్పింది. పాత బండిలో పెట్రోలు పైపులు, రబ్బరు సీళ్లు మెకానిక్‌తో చూపించుకోండి.

ఏ బండి

ఇప్పుడు మోడల్ సంగతి. మొదట ఒక తేదీ గుర్తుపెట్టుకుంటే జాబితా దానంతటదే చిన్నదవుతుంది. 2019 ఏప్రిల్ తర్వాతి కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ ఏడాది జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, 2022 జనవరి నుంచి ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగ్‌లు తప్పనిసరి. డబ్బు సరిపోతే 2019 కంటే పాత బండి చూడకపోవడం మేలు.

నమ్మకం, స్పేర్ల చవక ముఖ్యమైతే వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, గ్రాండ్ ఐ10 ముందు వరసలో ఉంటాయి. వ్యాగన్ ఆర్ సీటు ఎత్తు మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వరం, చీర కట్టుకున్నవాళ్లు వంగకుండా ఎక్కి దిగొచ్చు. హైవే మీద గాలికి కొంచెం ఊగుతుంది, గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో 2019లో రెండు నక్షత్రాలు, 2023లో ఒక్కటే వచ్చాయి. స్విఫ్ట్ నడపడానికి హుషారు, వెనక సీటు ఇరుకు. గ్రాండ్ ఐ10 లోపలి పనితనం, ఏసీ చల్లదనం మెచ్చుకోదగ్గవి. నాందేడ్ మే నెల ఎండలో ఏసీ విలాసమేమీ కాదు.

భద్రత ముఖ్యమైతే టాటా వైపు చూడాలి. నెక్సాన్ 2018 చివర్లో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది, టియాగో 2020లో నాలుగు. వీటిలో చిన్నచిన్న ఎలక్ట్రికల్ చికాకుల గురించి వాడినవాళ్లు చెబుతుంటారు కాబట్టి ప్రతి స్విచ్చీ నొక్కి చూసి తీసుకోవాలి.

సుఖం ముఖ్యమైతే తక్కువ డబ్బులో పెద్ద సుఖం ఇచ్చేవి పాత సెడాన్లే. జనం ఎత్తు బండ్ల వెంట పడ్డాక హోండా సిటీ, మారుతి సియాజ్ ధరలు దిగాయి. సియాజ్ వెనక సీటులో కాళ్లు చాపుకునే చోటు ఆ ధరలో ఇంకెక్కడా దొరకదు. టొయోటా ఎటియాస్ చూడటానికి సాదా అయినా ఇంజన్ గట్టిది, వెనక నేల చదును, డిక్కీ పెద్దది. 2020లో ఆగిపోయింది. ఎటియాస్, డిజైర్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ రెండూ హైదరాబాదు, పుణె క్యాబ్‌ల్లో అరిగిపోయిన బండ్లు. పసుపు పలక తీసి తెల్ల పలకకు మార్పించి అమ్మేవాళ్లున్నారు. ఆర్‌సీ చరిత్రలో బండి ఎప్పుడైనా టాక్సీగా నమోదైందా అన్నది చూడాలి.

ఆరేడుగురు మనుషులుండి బాసర, హైదరాబాదు తరచూ వెళ్లే ఇంటికి 2018 చివర్లో వచ్చిన రెండో తరం ఎర్టిగా సరిపోతుంది. ఇన్నోవా ఇంకా గట్టిది, కానీ దాని పేరుకే లక్ష ఎక్కువ పెట్టాలి, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినవాటికి కూడా ధర తగ్గదు.

చవగ్గా, అందంగా కనిపించి చిక్కుల్లో పెట్టేవి కొన్ని. ఫోర్డ్ 2021లో దేశంలో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, షెవర్లే 2017లోనే అమ్మకాలు మానేసింది. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ నడకలో మేటి, కానీ ఒక సెన్సరు పోతే నాందేడ్‌లో దొరుకుతుందా, హైదరాబాదు నుంచి రావాలా అని అడిగి తెలుసుకోండి. ఫోక్స్‌వాగన్, స్కోడాల పాత డీఎస్‌జీ ఆటోమేటిక్ గేరుబాక్సు చెడితే ఖర్చు వేలల్లో ఆగదు. ఇంటికి ఒకే కారు ఉన్నవాళ్లకు ఈ జూదం వద్దు.

పొద్దున్నే చూడాలి

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, వస్తున్న వేళ ముందుగా చెప్పకండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లటి ఇంజన్ మొదటి తిప్పులో ఎలా అందుకుంటుందో చూడటమే సగం పరీక్ష. స్టార్టయ్యాక పొగగొట్టం దగ్గర నిలబడండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. డీజిలు బండిలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నల్ల పొగ ఎగజిమ్మితే ఇంజెక్టర్లో టర్బోనో. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీయండి. సన్నగా ఆవిరి రావడం మామూలే, కుక్కర్ విజిల్‌లా తోసుకొస్తే రింగులు అరిగాయి.

తర్వాత తలుపులు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ వేలితో లాగి చూడండి. దాని కింద ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో, గుండ్రంగా ఉంటాయి. చుక్కలు లేకుండా నున్నటి పూత ఉన్నా, గజిబిజిగా ఉన్నా ఆ పక్కన పెద్ద దెబ్బ తగిలి డెంటింగ్ పని జరిగినట్టే. బానెట్ బిజాగిరీల బోల్టుల మీద రంగు లేచి, స్పానర్ గీతలుంటే బానెట్ ఎప్పుడో ఊడదీశారు. అద్దాల మీద తయారీ గుర్తులు చూడండి, అన్నీ ఒకే ఏడాదివి ఉండి ఒకటి మాత్రం తర్వాతిదైతే ఎందుకు మార్చారో అడగండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. 2019 బండికి 2024 టైర్లుంటే మంచిదే. కానీ మీటరు 25 వేలు చూపిస్తూ టైర్లు రెండోసారి మార్చినవైతే, మీటరు వెనక్కి తిప్పారు. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు మెరుస్తూ ఉన్నా అదే కథ. ఇవేవీ తేల్చకపోతే కంపెనీ సర్వీసు సెంటరులో నంబరు చెప్పి సర్వీసు చరిత్ర అడగండి, ప్రతి సర్వీసుకూ కిలోమీటర్లు అక్కడ రాసి ఉంటాయి.

వరదలో మునిగిన బండి పైకి తళతళలాడుతూ ఉంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ, 2025 ఆగస్టులో మన ముఖేడ్ తాలూకా మునిగాయి. అలాంటి చోట్ల నీళ్లు చేరిన బండి కొన్నాళ్లకు ఏదో ఒక బజారుకు రావచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగండి, కడగడం మరిచిపోయే చోటు అదే. బురద గీత అక్కడ దొరుకుతుంది. సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన, హెడ్‌లైట్ల లోపల చెమ్మ, స్పేర్ టైరు గుంతలో మట్టి కూడా చూడండి.

చివరగా నడపండి. ఊళ్లో గుంతల రోడ్డు మీద కొంత, హైవే మీద కొంత. రెండో గేరులో మెల్లగా పోతూ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటక శబ్దం వస్తే యాక్సిల్ జాయింట్. ఎత్తు మీద నాలుగో గేరులో తొక్కితే ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ ప్లేటు. ఏసీ వేసి, వెనక సీటులో ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు తిప్పండి. సుఖం సంగతి కాగితాలు చెప్పవు, వాళ్ల నడుము చెబుతుంది. ఇదంతా అయ్యాక, ఆ అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌కు వెయ్యి రూపాయలిచ్చి లిఫ్టు మీద కింది భాగం చూపించండి. స్కానరు పెట్టించి ఎర్రర్ కోడ్‌లు చదివించండి. ఈ ఖర్చుకు వెనకాడేవాళ్లే తర్వాత యాభై వేలు పెడతారు.

కాగితాలు

నాందేడ్‌లో టీటీ ఫారాలు అనేవి పేరు మార్పిడికి వాడే 29, 30 నంబరు ఫారాలు. రాష్ట్రం లోపల అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి. కొన్నవాడికి గడువు 30 రోజులు. బండి మీద లోను ఉండి ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, 35 నంబరు ఫారం కావాలి. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉంటే, అది పోయేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. చాసిస్ నంబరు 17 అక్షరాలు, ఇంజన్ నంబరు మీ కళ్లతో ఆర్‌సీతో సరిపోల్చుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో యజమాని, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ తేదీలు కనిపిస్తాయి. ఈ-చలాన్లు విడిగా చూసుకోవాలి. 2019 ఏప్రిల్ 1కి ముందు బండికి హెచ్ఎస్ఆర్‌పీ (హై సెక్యూరిటీ) నంబరు పలక బిగించారా అన్నది కూడా.

పేరు మార్పిడి వాయిదా వేయడం ఎంత ప్రమాదమో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసు చెబుతుంది. ఒక కారు చేతులు మారుతూ పోయింది, ఆర్టీఓ రికార్డులో మాత్రం మొదటి మనిషి పేరే ఉంది. ప్రమాదం జరిగాక నష్టపరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రికార్డులో పేరున్నవాడే యజమాని, బాధ్యత అతనిదే అని 2018 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. అమ్మేవాళ్లకు ఇది హెచ్చరిక. కొనేవాళ్లకు ఇది ఆయుధం. పేరు త్వరగా మార్చుకోమని పట్టుబట్టడం ఇద్దరికీ మంచిదే అని అమ్మేవాడికి చెప్పండి. బండి తీసుకున్న తేదీ, వేళ రాసి ఇద్దరూ సంతకాలు చేసిన డెలివరీ కాగితం దగ్గర ఉంచుకోండి.

ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ భాగం బండితోపాటే మీకు వస్తుంది. మీ బండికి జరిగే నష్టానికి చెల్లించే భాగం మీ పేరుకు మారాలంటే 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. పాత యజమాని 50 శాతం బోనస్ మీకు రాదు కాబట్టి ప్రీమియం పెరుగుతుంది. థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, పదిహేను వందల సీసీ లోపు దానికి 3,416, ఆపైన 7,897 రూపాయలు, జీఎస్టీ అదనం.

తీర్పు

నాందేడ్‌లో నాలుగు లక్షల లోపు డబ్బుతో ఇంటి అవసరానికి కారు చూస్తున్నవాళ్లకు ఈ పరిశీలన చెప్పేది ఇది. ఎంహెచ్ పాసింగ్, వీలైతే 26. 2019 ఏప్రిల్ తర్వాతిది. పెట్రోలు. మొదటి యజమానిది, కంపెనీ సర్వీసు చరిత్ర ఉన్నది. ఈ నాలుగూ సరిపోయాక, పెద్దవాళ్లుంటే వ్యాగన్ ఆర్, ఎండలో ఎక్కువ తిరిగితే గ్రాండ్ ఐ10, భద్రతకు ఓటేస్తే టియాగో. ఇంకో లక్ష కలపగలిగి దూరప్రయాణాలుంటే సియాజ్ లేదా హోండా సిటీ. తెలంగాణ బండి ఎంత బాగున్నా ఎన్ఓసీ, టాక్సు ఖర్చు కలిపాక కూడా కనీసం పది శాతం తక్కువ పడితేనే తీసుకోండి.

బయానా చిన్న మొత్తంలో ఇచ్చి రసీదు తీసుకోండి. బేరం కుదిరిన ధరలో పదో వంతు, ఆర్‌సీ మీద మీ పేరు పడేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. దీనికి ఒప్పుకోనివాడి బండి ఎంత బాగున్నా వదిలేయండి.